మూడు పిడికిళ్ల మట్టి

అబ్బా పోయింది 2020 జనవరి 17న. శుక్రవారం, ఫజర్ అజాన్‌కు కొంచెం ముందు, హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో. సంక్రాంతి వెళ్లి రెండు రోజులైంది. జుమ్మా నాడు పోయాడు, నసీబున్న మనిషి అన్నారు వచ్చినవాళ్లంతా. కావచ్చు. కాని ఆ నసీబున్న మనిషిని ఇంత నేలలో పడుకోబెట్టడానికి పొద్దుగూకేదాకా మేం పడ్డ తిప్పలు వేరు. అవి మా ఒక్క ఇంటివి కావు కనుకనే ఇక్కడ రాస్తున్నాం.

మేం ముగ్గురం అన్నదమ్ములం, ఒక చెల్లె. పెద్దవాడు మెకానిక్కు. నడిమివాడు పత్రికలో. చిన్నవాడు కొరియర్ ఆఫీసులో. చెల్లెను నల్లగొండలో ఇచ్చాం. రాస్తున్నది ఒకరే అయినా ఇది నలుగురి మాట. అందుకే మేం అంటున్నాం.

ఆ చలికాలమంతా మా ఇంట్లో కాగితాల వెతుకులాట. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. మూడు దేశాల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాల వాళ్లకు పౌరసత్వం ఇస్తామంది. ఆ ఆరింటిలో మా మతం లేదు. వెంటనే జనాభా రిజిస్టరు అన్నారు. అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారు, ఏ తేదీన పుట్టారు అని కూడా అడుగుతారన్నారు. ఇక చూడండి! మా బస్తీలో ఏ ఇంట్లో చూసినా ట్రంకుపెట్టె నట్టింట్లోకి వచ్చింది. రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు, చెదలు తిన్న స్కూలు టీసీలు. జిరాక్సు షాపుల ముందర బుర్ఖాల వరుస.

అబ్బా ఇ.డి. పోస్టుమ్యాన్. ముప్పై ఎనిమిదేళ్లు నల్లగొండ జిల్లాలో మూడూళ్లకు సైకిలు మీద జనం కాగితాలు మోసినవాడు. మనియార్డర్లు, కోర్టు నోటీసులు, నౌకరీ ఆర్డర్లు, దుబాయి ఉత్తరాలు. చదవరానివాళ్లకు తెలుగు ఉత్తరం తెలుగులో, ఉర్దూ ఉత్తరం ఉర్దూలో చదివి పెట్టేవాడు. జవాబులూ రాసిపెట్టేవాడు. మాకు రెండు భాషలు అట్లా వచ్చినవే, ఏ కాలేజీలో నేర్చుకున్నవీ కావు. అంతమంది కాగితాలు మోసిన మనిషికి తను పుట్టినట్టు కాగితం లేదు. పోలీస్ యాక్షన్‌కు రెండేళ్ల ముందు పుట్టాడని దాదీ చెప్పేది. 1948 సెప్టెంబరులో ఇల్లు విడిచి జొన్న చేలల్లో దాక్కున్నప్పుడు ఆమె చంకలో ఉన్నాడట. స్కూల్లో పంతులు తనకు తోచింది వేశాడు, జూలై ఒకటి. మా ఊళ్లో సగం మంది జూలై ఒకటినే పుట్టారు!

ఆస్పత్రిలో చేరిన నాలుగో రోజున అడిగాడు, "నా కాగితం దొరికిందా?" అని. దొరుకుతుంది అబ్బా అన్నాం. అబద్ధం. అదే మేం ఆయనతో ఆడిన ఆఖరి మాట.

*

ఆస్పత్రి లెక్కలు తేలి మయ్యత్ మా చేతికి వచ్చేసరికి ఎనిమిదైంది. ఎక్కడ దఫన్ చేయాలి? మా మధ్య మొదటి గొడవ అదే.

పెద్దవాడు హైదరాబాదులోనే అన్నాడు. ఊరికి నూటపది కిలోమీటర్లు. ఊళ్లో మావాళ్లవి రెండు ఇళ్లు మిగిలాయి. మిగతావాళ్లు మిర్యాలగూడకో, హైదరాబాదుకో, సౌదీకో పోయారు. జనాజా ఎత్తడానికి మనుషులేరి అన్నది వాడి ప్రశ్న. పైకి అనని మాట ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో ఊళ్లు ఎట్లా ఉన్నాయో ఎవరికి తెలుసు? టీవీ పెడితే మా మీదే చర్చ. వాట్సాప్ తెరిస్తే మా మీదే జోకు. అట్లాంటి రోజుల్లో టోపీలు పెట్టుకుని మయ్యత్‌తో ఊళ్లోకి దిగితే ఏమంటారో!

సరే, బస్తీ ఖబరస్తాన్ కమిటీ దగ్గరికి పోయాం. మర్యాదగానే కూచోబెట్టారు. "మీ ఖాందాన్‌లో ఎవరన్నా ఇక్కడున్నారా?" అని అడిగారు. బతికున్నవాళ్ల గురించి కాదు, మట్టిలో ఉన్నవాళ్ల గురించి. ఉంటే ఆ ఖబర్ పక్కన సర్దుతారు. లేకపోతే జాగా కష్టం. కష్టమంటే ఖర్చు. చెప్పిన మొత్తం చిన్నవాడి మూడు నెలల జీతం. వాళ్లను నిందించి ఏం లాభం? నగరం పెరిగింది. ఖబరస్తాన్‌లు పెరగలేదు, తరిగాయి. పాత ఖబర్లే మళ్లీ తవ్వుతున్నారు. కాని ఒక్క మాట. కిరాయి ఇంటి కోసం తిరిగినప్పుడు పేరు అడిగి లేదంటారు మెజారిటీ ఇళ్లవాళ్లు. చచ్చాక మొహల్లా అడిగి లేదంటారు మావాళ్లే. బతికుండగా ముసల్మానులం, చచ్చాక బయటి ఊరివాళ్లం!

ఇంటికి వచ్చేసరికి అమ్మీ గోడకు ఆనుకుని కూచుని ఉంది. మా మొహాలు చూసింది. "ఆయన నాకు చెప్పి పెట్టిండు. వాళ్ల అబ్బా పక్కన" అంది. అంతే. మయ్యత్ బండి ఊరి వైపు తిరిగింది.

*

బయలుదేరే ముందు నలుగురికీ తెలపాలి కదా. పత్రికవాడి వంతు అది. ఉర్దూలో రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇంతెఖాల్-ఎ-పుర్‌మలాల్ అని పైన ఒక లైను, కింద పేరు, ఊరు, నమాజు వేళ. ఉర్దూ పత్రికల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్న మూస అది. తెలుగులో రాయబోతే కలం ఆగింది. స్వర్గస్థులైనారు అనాలా? పరమపదించారు అనాలా? శివైక్యం చెందారు అనాలా? ఇరవై ఏళ్లుగా తెలుగులో అన్నం తింటున్న మనిషి, కన్నతండ్రి చావును తెలుగులో చెప్పడానికి మాట వెతుక్కున్నాడు.

ఇది కొత్త కాదు. ఒకసారి మేం పనిచేసే చోట ఒక ముస్లిం నాయకుడు చనిపోతే, బైలైను ఉన్న విలేఖరి 'ప్రభుత్వ లాంఛనాలతో దహన సంస్కారాలు' అని రాసి పంపాడు. అది దిద్దితే, 'అంత పట్టింపా?' అని నవ్వారు. పట్టింపు కాదు మిత్రులారా. మమ్మల్ని కాలుస్తారో పూడుస్తారో కూడా తెలియకుండా వందల ఏళ్లు పక్కపక్కన ఎట్లా బతికాం అన్నది మా ప్రశ్న. 

చివరికి రాయడం మానేసి ఫోన్ చేశాం. ఊళ్లో అబ్బా జోడీ, తాళ్లెక్కే గౌడ మామకు. "మామా, అబ్బా పోయిండు. అసర్ నమాజు తర్వాత..." అని ఆగాం. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయనే అన్నాడు, "మట్టికొస్త బిడ్డా. మట్టి ఏడికెల్లి తియ్యాల్నో చెప్పు, మనిషిని పెడ్త."

మట్టికొస్త. ఉర్దూలో మేమూ అదే అంటాం, మట్టీ దేనా అని. మా ఊళ్లో తెలుగువాళ్లు 'మట్టికి పోయొచ్చినం' అంటారు. పత్రిక తెలుగులో దొరకని మాట ఊరి తెలుగులో ముందే ఉంది. మిగతా ఫోన్లన్నీ ఆ మాటతోనే చేశాం. మా అబ్బాకు మట్టి ఉంది, రండి అని.

*

పదకొండు దాటి ఊరు చేరాం. పాతిల్లు సగం కూలి ఉంది. వాకిట్లో వేపకొమ్మ కింద తఖ్తా వేశారు. రేగాకులు వేసి నీళ్లు కాగబెట్టారు. పక్కూరి నుంచి జుమ్మా ముగించుకుని మావాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు.

గుసుల్ కొడుకులు ఇస్తే మంచిదన్నారు. కూచున్నాం. కూచున్నాక తెలిసింది, మాకేమీ రాదని! ఏ వైపు ముందు కడగాలి, ఎన్నిసార్లు నీళ్లు పోయాలి, గుడ్డ తీయకుండా కిందినుంచి ఎట్లా తుడవాలి. బయట ముసల్మానులమని తిట్లు పడ్డవాళ్లం, లోపల ముసల్మాను పని ఒక్కటీ నేర్వనివాళ్లం. అప్పుడు పక్కూరి పెద్దాయన ఒకాయన చొక్కా చేతులు మడిచి ముందుకు వచ్చాడు. ఆయన దూదేకుల మనిషి. మా ఖాందాన్‌లో శేఖులమని, సయ్యదులమని చెప్పుకునేవాళ్లు ఆ ఇంటి పిల్లను చేసుకోరు, ఆ ఇంటికి పిల్లనివ్వరు. నమాజు వాళ్లకేం వస్తుందని వెక్కిరింపు కూడా ఉంది. ఆ రోజు ఆయనే చెయ్యి పట్టి చేయించాడు. కుడి వైపు ముందు బాబూ, తర్వాత ఎడమ. నీళ్లు మెల్లగ పొయ్యి, మయ్యత్‌కు నొప్పి కావద్దు అన్నాడు. తెలుగులోనే అన్నాడు. మా చుట్టాల్లో కొందరు తల దించుకున్నారు. మేమూ దించుకున్నాం.

మగమనిషికి కఫన్ మూడు గుడ్డలు, ఆడమనిషికి ఐదు. కుట్టు ఉండదు, జేబు ఉండదు. అబ్బా ఖాకీ చొక్కాకు నాలుగు జేబులుండేవి. ఒకదాంట్లో పెన్ను, ఒకదాంట్లో కళ్లద్దాలు, మిగతా రెండూ ఊరివాళ్ల రసీదులు. సజ్దాలో నేలను తాకే చోట్ల, నుదుటికి, అరచేతులకు, మోకాళ్లకు, పాదాలకు కర్పూరం అద్ది మూడో గుడ్డ కప్పేటప్పుడు చిన్నవాడు గట్టిగా ఏడ్చాడు. కాగితం దొరకలేదు అబ్బా అని.

ఇక ఆఖరి చూపు. ఆడవాళ్లు లోపలికి వచ్చారు. చుట్టాల్లో ఒక పెద్దామె అమ్మీ భుజం పట్టుకుని అంది, "మెహర్ మాఫ్ కర్‌దే బీ. బోల్‌దే." ఇది మా దగ్గర ఆనవాయితీ. నిఖాలో భార్యకు ఇస్తానని ఒప్పుకున్న మెహర్ మొగుడు బతికుండగా ఇవ్వడు. చచ్చాక ఆయన శవం ముందర ఆమెతో మాఫ్ చేశానని అనిపిస్తారు. నలుగురూ చూస్తుండగా, ఏడుస్తున్న మనిషి కాదని ఎట్లా అంటుంది? మెహర్ ఆమె హక్కు, మొగుడి మీద అప్పు. వారసుల పంపకం కంటే ముందు తీర్చాల్సిన అప్పు. ఇది షరియత్ చెప్పే మాటే. మా మీద జరిగే అన్యాయాలను ఏకరువు పెట్టే మేము, ఈ అన్యాయాన్ని రివాజు అని పిలుస్తాం.

అమ్మీ కళ్లు తుడుచుకుంది. "ఐదొందల ఇరవై అయిదు రూపాయలు. ఎప్పుడో మాఫ్ చేసిన. మగర్ మట్టీ తక్ మైఁభీ ఆతూఁ" అంది. మట్టి దాకా నేనూ వస్తానంది.

అందరూ గతుక్కుమన్నారు. ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు వస్తారా? ఇద్దత్ మొదలైంది, గడప దాటొద్దన్నారు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రామ్మా అనడానికి మాకు ధైర్యం చాలలేదు. వద్దు అనడానికి నోరు రాలేదు. చెల్లె ఎవరినీ అడగలేదు. అమ్మీ చెయ్యి పట్టుకుని వెళ్లి బండిలో కూచోబెట్టింది.

*

అప్పటికి ఖబరస్తాన్ దగ్గర వేరే గొడవ నడుస్తోంది.

మా ఊరి ఖబరస్తాన్ రోడ్డు పక్కన. మా ముత్తాత నుంచి అందరూ అక్కడే. ఒక్కరు తప్ప. దాదా తమ్ముడు 1948లో అంగడికని పోయి తిరిగి రాలేదు. ఆయనకు ఖబర్ లేదు. ప్రతి షబే బరాత్‌కు దాదీ ఖబరస్తాన్ మూల ఒక ఖాళీ జాగాలో ఆయన పేరున అగరొత్తి పెట్టించేది. హైదరాబాదు సంస్థానంలో ఆ రోజుల్లో జరిగిన హత్యల మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికలో చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది అని ఉంది. అది 2013 దాకా జనం చేతికి రాలేదు. దాదీకి అవేవీ తెలియవు. మట్టి దక్కని మనిషి ఒకడున్నాడని మాత్రం తెలుసు. ఖబర్ అంటే మాకు పట్టింపు ఎందుకో అందులో ఉంది.

ఆ రోడ్డు వెడల్పయింది. పక్కన ప్లాట్లు పడ్డాయి. హద్దురాళ్లు ఏటా కొంచెం కొంచెం లోపలికి నడిచొచ్చాయి. దాదా ఖబర్ ఇప్పుడు ఆ అంచునే ఉంది. గౌడ మామ పెట్టిన మనిషి, మాదిగవాడ కాకా, ఆయన కొడుకు పొద్దున్నే అక్కడ గడ్డపార వేశారు. మోకాలి లోతు తవ్వేసరికి బుల్లెట్టు మీద ఒక కుర్రాడొచ్చాడు. ప్లాట్లవాళ్ల మనిషి. ఇక్కడ తవ్వొద్దు, ఈ జాగా పంచాయితీలో ఉందన్నాడు. మేం చేరేసరికి ఇరవై మంది గుమిగూడారు. ఆ కుర్రాడు మమ్మల్ని చూసి అడిగాడు.

"మీదని కాగితముందా?"

రెండు నెలలుగా మా చెవుల్లో మోగుతున్న మాట! ఇక్కడా అదేనా? పాత పహాణీలో ఖబరస్తాన్ అని ఉందని అబ్బా అనేవాడు. నకలు మా దగ్గర లేదు.

కాకా గుంతలోనే నిలబడి ఉన్నాడు. గడ్డపార పక్కన పెట్టి, తలకు చుట్టిన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "కాగితమా? వీళ్ల ముత్తాతకు మా తాత తవ్విండు. వీళ్ల తాతకు మా నాయిన తవ్విండు. పెద్దమ్మకు నేను తవ్విన. ఇంకో మూరెడు తియ్యి పటేలా, వరసగ దొర్కుతయి కాగితాలు" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆ కుర్రాడు ఫోన్ తీసి పక్కకు పోయాడు. వచ్చి, పోలీసులు వస్తారు, మీ ఇష్టం అన్నాడు.

ఇక్కడ మేం గెలిచామని రాస్తే బాగుంటుంది. గెలవలేదు. అప్పటికి మూడు దాటింది. మయ్యత్‌ను ఎక్కువసేపు ఉంచొద్దు. పోలీసులొస్తే ఊళ్లో ఏమవుతుందో తెలియదు. పైగా ఆ రోజులు ఆ రోజులు! పెద్దలు కూచున్నారు. కొంచెం లోపలికి జరపండి, మయ్యత్ మీద పంచాయితీ ఎందుకన్నారు. ఊరూరి భూతగాదాల మీద కాలాలకు కాలాలు రాసిన మాలో పత్రికవాడే ముందు తలూపాడు. పది గజాలు జరిగాం. కాకా ఒక్క మాట అనకుండా తవ్విన గుంత పూడ్చి, కొత్తగా మొదలుపెట్టాడు. అమ్మీకి ఆ సంగతి చెప్పలేదు.

*

అసర్ తర్వాత మయ్యత్ నమాజు. అందులో రుకూ ఉండదు, సజ్దా ఉండదు. నిలబడే చదవాలి, నాలుగు తక్బీర్లు. ఊళ్లో కొందరు చదివితే అందరి తరఫునా తీరుతుంది. ఒక్కరూ చదవకపోతే అందరికీ గునా. మావాళ్లు నాలుగు వరసలు నిలబడ్డారు. వెనక గౌడ మామ, కుమ్మరి, సాకలి, రిటైరైన పంతులు, అబ్బా దగ్గర ఉత్తరాలు చదివించుకున్న ముసలమ్మలు నిలబడ్డారు. తువ్వాళ్లు తల మీద వేసుకుని నిలబడ్డారు. డోలా ఎత్తేటప్పుడు మనుషులేరని భయపడ్డాం చూడండి, భుజం మార్చుకోవడానికి పోటీ పడాల్సి వచ్చింది.

రాని వాళ్లూ ఉన్నారు. అబ్బాతో నలభై ఏళ్లు చాయ్ తాగిన ఒకాయన రాలేదు. ఆయన కొడుకు కాషాయం కండువా వేస్తున్నాడని తర్వాత తెలిసింది. రాత్రి తొమ్మిదింటికి ఆయన చీకట్లో ఒక్కడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఏమీ అనలేదు. మేమూ ఏమీ అడగలేదు. ఇద్దరం భయపడుతున్నది ఒకే దానికి అని అర్థమైంది.

ఖబర్ ఛాతీ లోతు తవ్వారు. తల ఉత్తరానికి. ఉత్తరాన తల పెట్టి పడుకోవద్దని ఊరంతా అంటుంది. మేం ఆఖరి నిద్రకు ఉత్తరానికే తల పెడతాం. కుడివైపు ఒత్తిగిల్లితే మొహం పడమరకు, కిబ్లా వైపు తిరుగుతుంది. పెద్దవాడు, చిన్నవాడు దిగి అబ్బాను అందుకున్నారు. పైన షాబాదు బండలు పరిచి, సందుల్లో తడిమట్టి కుక్కారు. తర్వాత ఒక్కొక్కరం మూడేసి పిడికిళ్లు. తల వైపు నుంచి మొదలుపెట్టాలి. ప్రతి పిడికిలికీ ఒక మాట చదువుతారు. మట్టి నుంచి వచ్చాం, మట్టిలోకి పోతాం, మళ్లీ మట్టిలోంచే లేస్తాం అని దాని భావం. మాకు అరబీ నోటికి వస్తుంది, అర్థం ఆ రోజే తెలిసింది. గౌడ మామకు అరబీ రాదు. మూడు పిడికిళ్లూ వేసి, "పోయిరా పోస్టు సాబూ" అన్నాడు. మేం చదివిన దానికీ, ఆయన అన్న దానికీ తేడా ఏముందో ఏ ఆలిమ్ అయినా చెప్పాలి.

1990 తర్వాత, అయోధ్య రోజుల్లో, మేం చిన్నపిల్లలం. గోడల మీద, ఊరేగింపుల్లో ఒక నినాదం ఉండేది. ముసల్మానుకు రెండే చోట్లు, పాకిస్తాన్ లేకుంటే ఖబరస్తాన్ అని. మొదటిదేమిటని అబ్బాను అడిగితే చెప్పలేదు. సైకిలు ముందు కూచోబెట్టుకుని ఈ రెండోదానికి తీసుకొచ్చాడు. ఇది మీ ముత్తాత, ఇది మీ పర్‌దాదీ అని చూపించాడు. అప్పుడు అర్థం కాలేదు. వాళ్లు తిట్టుగా అన్న చోటే మా చిరునామా. ఇన్ని తరాల మయ్యత్‌లు ఏ దేశపు మట్టిలో ఉన్నాయో, మాది ఆ దేశమే కదా!

అమ్మీ బండి దిగి, ఖబరస్తాన్ హద్దు మీది వేపచెట్టు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఎవరూ రావొద్దనలేదు, రమ్మనీ అనలేదు. జనం కదిలిపోయాక చెల్లె ఆమె కొంగులో ఇంత మట్టి తెచ్చి పోసింది. అమ్మీ చెట్టు మొదట్లో మూడుసార్లు విడిచింది. అంత దూరం నుంచి.

*

చావును 21 రోజుల్లో రాయించాలని 1969 చట్టం. మూడో రోజు జియారత్ అయ్యాక కాగితాల పని పెట్టుకున్నాం. దరఖాస్తులో పుట్టిన తేదీ గడి ఉంది. పంతులు వేసిన జూలై ఒకటే వేశాం. ఎవరూ సాక్ష్యం అడగలేదు. ముద్ర పడింది. పుట్టాడనడానికి కాగితం దొరకని మనిషికి, పోయాడనడానికి అరగంటలో దొరికింది. ఇండియాలో ఆయన పుట్టిన ఊరు, తండ్రి పేరు, తల్లి పేరు ఉన్న మొదటి సర్కారు కాగితం మా ఇంట్లో అదే.

2020 మార్చి 16న తెలంగాణ శాసనసభ ఆ చట్టానికీ, ఆ రిజిస్టర్లకూ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. వారం తిరగకుండా కరోనా లాక్‌డౌన్ వచ్చి లెక్కలన్నీ ఆగాయి. ట్రంకుపెట్టెలు మళ్లీ మంచం కిందికి పోయాయి. మేం మాత్రం వెతుకులాట ఆపలేదు. ఈసారి వెతికింది అబ్బా కాగితం కోసం కాదు, ఆయన పడుకున్న జాగా కాగితం కోసం. ఏడాదిన్నర తిరిగితే పాత పహాణీ నకలు చేతికొచ్చింది. ఖబరస్తాన్, ఎకరా పది గుంటలు. టేపు పట్టుకుని కొలిస్తే నేల మీద ఇరవై గుంటలు కూడా లేదు. దరఖాస్తులు పెట్టాం. రసీదులున్నాయి.

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం అమల్లోకి వచ్చింది. తరాలుగా వాడుకలో ఉంది కాబట్టి ఇది వక్ఫ్ అనే లెక్క ఇకముందు చెల్లదంది. అంతకుముందే రిజిస్టరైనవి ఉంటాయి, వివాదంలో ఉన్నవి, సర్కారువి తప్ప. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను ఆపింది. దీన్ని ఆపలేదు. మా ఊరి లాంటి ఊళ్లలో ఖబరస్తాన్‌కు వాడుక తప్ప వేరే దస్తావేజు ఏముంటుంది? వాడుక అంటే ఏమిటి? మా దాదా, మా దాదీ, మా అబ్బా. వివాదం అంటే ఏమిటి? బుల్లెట్టు మీద వచ్చి ఒక మాట అనే మనిషి. ఆ రోజు పది గజాలు జరగడం తప్పో ఒప్పో మాకింకా తేలలేదు. మయ్యత్ పరువు కాపాడామని పెద్దవాడంటాడు. పది గజాలకు మేమే సంతకం పెట్టకుండా సంతకం పెట్టామని పత్రికవాడంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కాకా 2022లో పోయాడు. ఆయన్నీ పూడ్చారు, వాళ్ల వాడ పక్కన. మేం ముగ్గురం మట్టికి పోయాం. వాళ్లకూ కాగితం లేదు. ఆ నేల మీదికి కూడా ప్లాట్ల రాళ్లు వస్తున్నాయి. ఈసారి ఆయన కొడుకూ, మేమూ కలిసి రాసిన దరఖాస్తు ఒకటే.

అమ్మీ పెద్దవాడి దగ్గర ఉంటోంది. షబే బరాత్‌కు మేం ఊరికి పోయి వస్తాం. ఖబర్‌కు నీళ్లు చల్లి, పూలు పెట్టి, టేపుతో హద్దు కొలిచి వస్తాం. పది గజాల సంగతి ఆమెకు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో మాకు తెలియదు. తిరిగొచ్చి గడపలో చెప్పులు విడుస్తుంటే, ఎట్లుంది ఊరు అని అడగదు. ఒకటే అడుగుతుంది.

"ఆయన పక్కన నా జాగా ఉందా, జరిగిందా?"